గతప్రత్యాగతం: ఒక కాపలా కన్ను కథ

2024 అక్టోబరు 15న వికారాబాదు జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో భారత నౌకాదళం వారి కొత్త కేంద్రానికి రక్షణమంత్రి రాజనాథ్ సింగ్ గారు శంకుస్థాపన చేశారు. అప్పటికి ఎన్నో నెలలుగా జరుగుతున్న వాదోపవాదాల్లో దానికి స్థిరపడిపోయిన పేరు "రాడార్ కేంద్రం". రమారమి 2,900 ఎకరాల అడవి చేయి దాటిపోతున్నదని బాధపడినవారూ ఆ మాటే వాడారు. దేశరక్షణకు తప్పదని సమర్థించినవారూ ఆ మాటే వాడారు. పత్రికల శీర్షికలు సరేసరి.

నిజానికి అది రాడారు కాదు. అతి తక్కువ పౌనఃపున్యంతో, అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జుల మధ్యన, నీటిలోపలి జలాంతర్గాములకు కబురు పంపే ప్రసారకేంద్రం. మామూలు రేడియో తరంగం ఉప్పునీటిని తాకగానే చచ్చిపోతుంది. ఈ దీర్ఘతరంగం మాత్రం కొన్ని మీటర్ల లోతు దాకా చొరబడగలదు. ఒక్కొక్క తరంగం పొడవు 10 నుంచి 100 కి.మీ. కనుక దానికి తగిన ఆకాశతంతులకు (ఏంటెనాకు ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో కనబడిన మాట ఇది, నాకిప్పటికీ ఇష్టం) అంత నేల కావలసి వచ్చింది. ఇటువంటిదే మరొకటి తమిళనాట తిరునల్వేలి జిల్లాలో ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ పేరుతో 1990 నుంచి పనిచేస్తున్నది. ఆ అడవి ఇవ్వవచ్చునా కూడదా అన్నది పెద్ద ప్రశ్న. మా పాతనగరాన్ని ఒరుసుకుంటూ పారే మూసీ పుట్టినది ఆ ప్రాంతపు అనంతగిరి కొండల్లోనే కనుక నాకూ ఆ ప్రశ్నతో చుట్టరికం ఉన్నది. కానీ ఒక వస్తువును గురించి వాదులాడుకునే ముందు దాని పేరు సరిగా పలకాలని నా బోటి తెలుగు పంతులుకు చాదస్తం. అందుకే ఈ టపా.

రాడారు అన్నది 1940లో అమెరికా నౌకాదళం వారు నాలుగైదు ఆంగ్లపదాల పొడి అక్షరాలను గుదిగుచ్చి చేసిన మాట. రేడియోతో కనిపెట్టి దూరం కొలవడం అని దాని భావం. ఆ భాషలో ఆ మాటను ముందునుంచి చదివినా, వెనుకనుంచి చదివినా ఒకటే. మన "వికటకవి" వంటిదన్నమాట. తెనాలి రామకృష్ణుడికి కాళికాదేవి ఇచ్చిందని చెప్పుకునే బిరుదుకూ, యుద్ధయంత్రానికీ ఈ పోలిక కుదరడం కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉంటుంది. ఇటువంటి రచనకు ఆలంకారికులు పెట్టిన పేరు గతప్రత్యాగతం. వెళ్ళినది తిరిగి వచ్చుట. భారవి పదిహేనవ సర్గలోనూ, మాఘుడు పంతొమ్మిదవ సర్గలోనూ ఈ చిత్రకవిత్వపు కసరత్తు చేశారు. రెండూ యుద్ధసర్గలే కావడం గమనించండి. రాడారుకు తెలుగుమాట కావాలని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. తరంగం వెళ్ళాలి, దేనికో తగలాలి, తిరిగి రావాలి. దామగుండంలో గతమే తప్ప ప్రత్యాగతం లేదు.

నేనుండే శాలిబండ చార్మినారుకు దక్షిణాన ఉన్నది. షా అలీ బండా అని రాసేవారు రాస్తారు గానీ నా తెలుగు చెవికి చివర వినబడేది మన బండే. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో కట్టిన రాయరాయాన్ దేవిడీ గడియారస్తంభం మా పేట గుర్తు. ఆ దారినే ఇంకా దక్షిణంగా పోతే ఫలక్‌నుమా, అది దాటితే చాంద్రాయణగుట్ట. అక్కడే డి.ఎల్.ఆర్.ఎల్. అన్న పొడి అక్షరాలతో రక్షణశాఖవారి ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయం ఉన్నది. 1960ల తొలినాళ్ళలో ఏర్పడినది. ఆ దశాబ్దంలో, 1961 నుంచి 1969 దాకా, రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగా ఉన్నవారు మన సూరి భగవంతం గారు. కృష్ణాజిల్లాలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, ఉస్మానియాకు ఉపాధ్యక్షులై, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులై, అక్కడినుంచి ఈ పదవికి వెళ్ళిన భౌతికశాస్త్రవేత్త. హైదరాబాదు రక్షణ పరిశోధనలకు పెద్ద నెలవుగా మారడం ఆ కాలంలోనే మొదలయింది.

కాపలా మాత్రం ఈ నేలకు కొత్త కాదు. జొన్నచేలో మంచె వేసి, వడిసెల చేతపట్టి పిట్టలను తోలేవాడికి తెలిసిన రహస్యమే గోలకొండ కట్టినవాడికీ తెలుసు: చూడదలచుకుంటే ఎత్తుకు ఎక్కు. కోట సింహద్వారం వద్ద చప్పట్లు చరిస్తే, దాదాపు ఒక కి.మీ. దూరాన కొండకొమ్మునున్న బాలాహిస్సారులో వినబడుతుందని ప్రతి గైడూ చేసి చూపిస్తాడు. అది వేడుక కోసం కాదు, వార్త కోసం. ఎత్తుమీద కన్ను, కిందినుంచి పైకి కబురు, రాత్రివేళ దివిటీకి చమురు. ఈ మూడూ ఉంటేనే కాపలా. ఇన్నీ ఉండి కూడా 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఆ కోట పడిపోయింది. లోపలివాడే తలుపు తీశాడు. దానికి రాడారూ మందు కాదు.

దివిటీతో ఒక చిక్కున్నది. పట్టుకున్నవాడు చూడగలిగిన దూరం కంటె, వాడు ఎదుటివాడికి కనబడే దూరం చాలా ఎక్కువ. రాడారూ అంతే. అది చీకట్లో కేకవేసి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని వినే జీవి. కేక అంతదూరం పోయి వెలవెలబోతుంది, తగిలిన చోటునుంచి మళ్ళీ అంతదూరం తిరిగి వస్తూ మరింత వెలవెలబోతుంది. అందుచేత చూడవలసిన దూరం రెట్టింపయితే కావలసిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలూ కాదు, పదహారింతలు. పది కి.మీ. చూసే యంత్రంతో ఇరవై చూడాలంటే, మిగతావన్నీ యథాతథంగా ఉంటే, పదహారింతల విద్యుత్తు పోయాలి. అదే సమయంలో ఆ కేకను వినేవాడికి తరంగం ఒకవైపు ప్రయాణమే కనుక వాడి పని తేలిక. మా చాంద్రాయణగుట్టవారి ప్రధాన విద్య ఈ వినడమే: ఎదుటివారి రాడారు ఎక్కడున్నదో పసిగట్టడం, అవసరమైతే దాని చెవిలో రొద చేయడం. సైన్యం కోసం, భారత్ ఎలక్ట్రానిక్స్, ఇ.సి.ఐ.ఎల్. సంస్థలతో కలిసి, వారు రూపొందించిన "సంయుక్త" అటువంటి వ్యవస్థే.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఇటువంటి పరికరాలకు కరెంటు సరఫరా ఏర్పాట్లు చేసే పనిలో చాలాకాలం ఉన్నాడు. ఏ ఊళ్ళో, ఏ గుట్టమీద అని నేను అడగను, వాడు చెప్పడు. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఒక మాట అన్నాడు. "సార్, అందరూ కన్ను గురించే అడుగుతరు. మాకు ముందుగాల దాని కడుపు సంగతి చూడాలె." తరువాత కాళ్ళ సంగతట. చాయ్ తాగుతూ వాడు గంటసేపు చెప్పినదానిలో నాకు అర్థమైన మేరకు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ముందు కాళ్ళు. రాడారు చూపు ఇంచుమించు తిన్నగా పోతుంది, భూమి గుండ్రంగా ఉన్నది. ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని నాలుగుంపావుకు కాస్త తక్కువతో (4.12) గుణిస్తే, నేలబారున ఎన్ని కి.మీ. దాకా కనబడుతుందో వస్తుంది. 25 మీటర్ల ఎత్తునుంచి 20, 100 మీటర్ల ఎత్తునుంచి 41. నాలుగింతలు ఎత్తు ఎక్కితే చూపు రెండింతలే పెరిగింది. అలాగని పెద్ద గుట్టెక్కి కూర్చుంటే, ఆ గుట్ట పాదాన నక్కినవాడు కనబడడు. మంచెమీది కాపరికి తన మంచె కిందకు వచ్చిన ఆవు కనబడనట్లు. అందువల్ల నేలమీది కదలికలను కనిపెట్టే రాడారుకు చోటు వెదకడమంటే, పటం పరచి, ఎక్కడినుంచి ఏ వాగూ ఏ మడుగూ మరుగున పడుతున్నవో గీసుకోవడమే సగం పని. తరువాత ముక్కాలి పీటను మట్టం చూసి నిలబెట్టాలి, ఉత్తరదిక్కు సరిచూసి కట్టాలి. ఉత్తరదిక్కులో ఒక్క డిగ్రీ తేడా ఉన్నా 10 కి.మీ. దూరంలో చూపించే చోటు 175 మీటర్లు పక్కకు జరిగిపోతుంది. చెరువుగట్టు మీదున్న మనిషి చెరువులో ఉన్నట్లు కనబడతాడు.

ఇక నేలలో పాతవలసినది. ఎత్తుమీద నిలబెట్టిన ప్రతి ఇనుపవస్తువూ పిడుగును పిలుస్తుంది కనుక ఎర్తింగు తప్పదు. నల్లరేగడిలో అది తేలిక. మా దక్కను గుట్టల్లో గడ్డపార రెండడుగులు దిగగానే ఠంగుమంటుంది. బండకు విద్యుత్తును తాగే గుణం లేదు. గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, రేకు పాతి, వేసవి పొడుగునా నీళ్ళు పోస్తూ ఉండాలట. "కోట్ల రూపాయల మిషన్‌కు సార్, ఉప్పు బస్తా లేకపోతే నడవది" అని నవ్వాడు.

అప్పుడు కడుపు. సరిహద్దులో జవాన్లు వీపున మోసుకుపోయే చిన్న రాడారు ఉన్నది. బెంగుళూరులోని ఎల్.ఆర్.డి.ఇ. రూపొందించి, భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసినది. అదీ మామూలు బ్యాటరీల మాదిరి 24 వోల్టులతోనే నడుస్తుంది. అంత తక్కువ శక్తితో అది మనిషిని ఎలా పట్టుకుంటుంది? రాయీ రప్పా చెట్టూ అన్నీ ప్రతిధ్వని ఇస్తాయి గదా, ఆ రొదలో మనిషి ఏపాటి! ఇక్కడ డాప్లర్ గారి సూత్రం ఆదుకుంటుంది. కదలని వస్తువు తరంగాన్ని ఉన్నదున్నట్లు తిప్పి పంపుతుంది. కదిలేది కొంచెం మార్చి పంపుతుంది. రెండు సెంటీమీటర్ల తరంగం మనవైపు సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచి వచ్చే మనిషిని తాకితే, ఆ తేడా సెకనుకు 100 కంపనాలు. అది మానవకర్ణానికి వినబడే స్వరమే. ఇటువంటి రాడారు దగ్గర కూర్చున్నవాడు చెవికి తగిలించుకున్న దానిలో ఆ స్వరాన్ని వినగలడు, అలవాటైతే మనిషి నడకకూ బండి నడకకూ తేడా చెప్పగలడు. గోలకొండ చప్పట్లు మళ్ళీ ఇలా తిరిగి వచ్చాయనిపించింది నాకు.

బ్యాటరీ గుట్టుగా ఉంటుంది, కానీ అయిపోతుంది. చలికి ఇంకా తొందరగా అయిపోతుంది. జనరేటరు ఎంతసేపయినా తిరుగుతుంది, కానీ దాని చప్పుడు ఆమడదూరం చాటింపు వేస్తుంది, దానికి డీజిలు మోయాలి. సూర్యఫలకాలు పగలు నింపిపెట్టినది రాత్రికి చాలాలి, మబ్బు రోజుల లెక్క వేరే. కాపలా అవసరమయ్యేది ఎక్కువగా రాత్రీ మబ్బూ పొగమంచూ ఉన్నప్పుడే గదా.

శక్తి సమస్య రాడారు పుట్టుకలోనే ఉన్నది. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులో వాట్సన్ వాట్ బృందం తొలి ప్రయోగం చేసినప్పుడు వారికి సొంత ప్రసారిణి లేదు. డావెంట్రీ ఊళ్ళోని బి.బి.సి. రేడియో కేంద్రం పంపే తరంగాలనే వాడుకొని, ఎనిమిది మైళ్ళ దూరాన ఎగురుతున్న విమానాన్ని పసిగట్టారు. ఎరువు తెచ్చుకున్న దీపంతో మొదటి చూపు! అక్కడినుంచి అయిదేళ్ళలో ఆ దేశపు తీరం వెంబడి 360 అడుగుల ఉక్కు గోపురాలు లేచాయి. మన తీరానికి ఆ యోగం లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ తరువాతి రోజుల్లో విశాఖ ఖాళీ అయింది. సముద్రంలో నౌకాదళం వస్తున్నదన్న వార్తకు మద్రాసు ప్రభుత్వమే నగరం విడిచిపోయింది. ఆ దళం రానే లేదు.

అన్ని రాడార్లూ ఎత్తే కోరుకోవు. తిరుపతికి కొద్ది దూరంలోని గాదంకిలో, 1990ల తొలి సంవత్సరాల్లో, వాతావరణాన్ని నిట్టనిలువుగా చూసే రాడారును కొండల నడుమ పల్లంలో పెట్టారు. చూడవలసినది పైకి కనుక చుట్టూ కొండలు అడ్డుగోడలై బయటి రొదను ఆపితే మేలే. దాని లెక్కలు వినసొంపుగా ఉంటాయి: 32 వరుసల్లో 32 చొప్పున 1,024 ఆకాశతంతులు, వాటికి 32 ప్రసారిణులు, 53 మెగాహెర్ట్జులు, శిఖరశక్తి 2.5 మెగావాట్లు. ఇంత కరెంటు ఒక పల్లెకు ఎలా తెచ్చారని ఆశ్చర్యపడనక్కరలేదు. అది నిరంతరం మ్రోగే నాదస్వరం కాదు, డోలుదెబ్బ. నూటికి రెండున్నర పాళ్ళ కాలమే కేక, తక్కిన కాలమంతా వినడం. సగటున 60 కిలోవాట్లకు కాస్త పైన. తరువాతి రోజుల్లో ఆ పెద్ద ప్రసారిణులను తీసివేసి, ప్రతి ఆకాశతంతికీ ఒక్కొక్క కిలోవాటు చిన్న పరికరాన్ని అమర్చారు. ఊరికి ఒక పెద్దకాగడా బదులు ఇంటింటికీ ఒక దీపం. నాలుగు దీపాలు ఆరినా వీధి చీకటి కాదు.

తెలుగువారికి రాడారుతో అసలు సంబంధం మాత్రం తుఫానులది. దేశంలో తుఫానులను కనిపెట్టే తొలి రాడారును 1970లో విశాఖపట్నంలో నెలకొల్పారు. ఇక్కడ వాడేది పది సెంటీమీటర్ల తరంగం. చిన్న తరంగమైతే పరికరం చిన్నది, ఖర్చు తక్కువ, కానీ ముందువరుస వాన దానిని మింగేస్తుంది, వెనుకనున్న తుఫాను కన్ను కనబడదు. పెద్ద తరంగం వానను చీల్చుకుపోతుంది, దానికి తగ్గట్లు పళ్ళెమూ పెద్దదే, ఆకలీ పెద్దదే.

1977 నవంబరు 19. ఆ తేదీ మీలో ఎవరికీ చెప్పనక్కరలేదు. దివిసీమ విశాఖ రాడారుకు 300 కి.మీ.కు పైగా దూరాన ఉన్నది. అంతదూరంలో రాడారు చూపు తుఫాను నడినెత్తి దాకా పోయేసరికే భూమికి అయిదు కి.మీ. ఎత్తున ఉంటుంది. మేఘాల గోపురం కనబడుతుందేమో గానీ కింద ఎంత నీరు లేస్తున్నదో ఏ రాడారూ చెప్పదు. అయిదు మీటర్ల దాకా లేచిన ఉప్పెన పదివేలమందికి పైగా పొట్టన పెట్టుకున్నది. అప్పటికి కరెంటు తీగలు, తంతి, టెలిఫోను, రోడ్లు అన్నీ ముందే పోయాయి. వార్త ప్రపంచానికి తెలియడానికే సమయం పట్టింది. ఆ తరువాతనే, 1980ల తొలినాళ్ళలో, మచిలీపట్నానికి తుఫాను రాడారు వచ్చింది. పెద్ద పామును చూశాక కట్టె కొనుక్కున్నట్లు, అంటారేమో. అననివ్వండి. 1990 మే 9న దాదాపు అదే చోట, అంతటి గాలివానే తీరాన్ని తాకినప్పుడు పోయినవారు 967 మంది. ఆ సంఖ్య చిన్నదని నేననను. కానీ పదివేలకూ దానికీ నడుమ ఉన్న మనుషులను ఆ రాడారొక్కటే కాపాడిందనీ అనను. ఉపగ్రహం ద్వారా ఊళ్ళకు చేరిన హెచ్చరికలు, తుఫాను ఆశ్రయాలు, ఇళ్ళు ఖాళీ చేయించిన గ్రామోద్యోగులు, పోలీసులు కూడా ఉన్నారు. కన్ను చూసినది చెవికి చేరింది, కాలు కదిలింది.

2004లో మచిలీపట్నానికీ, ఆ వెనుకనే విశాఖకూ డాప్లర్ రాడార్లు వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తిన్నగా విశాఖ మీదికే వచ్చింది. గంటకు సుమారు 180 కి.మీ. గాలి. నగరంలో కరెంటు స్తంభాలు పుల్లల్లా విరిగాయి, చాలా పేటలకు రోజుల తరబడి దీపం లేదు. ఆ గాలికి విశాఖ రాడారు కూడా దెబ్బతిని, తుఫాను తన నెత్తిమీద ఉన్న వేళ చూపు కోల్పోయింది. కడుపు ఎంత నింపిపెట్టినా, కాళ్ళు ఎంత గట్టిగా పాతినా ఒక్కోసారి ఇంతే. అప్పుడు పక్కవాడి కన్నే దిక్కు. మచిలీపట్నం నుంచి విశాఖకు గీతగీసి కొలిస్తే 290 కి.మీ. ఆ దూరానికి భూమి వంపు లెక్కకడితే, మచిలీపట్నం రాడారుకు విశాఖ మీద సుమారు అయిదు కి.మీ. ఎత్తున ఉన్నదే కనబడుతుంది. అంతకు కింద ఉన్న గాలీ వానా, ఆ కింద ఉన్న పెంకుటిళ్ళూ, పడవలూ, మనుషులూ దాని చూపుకు ఆనవు.